వెచ్చపూత

ఆ ఏడు పాలగెడ్డలో చలికి ఎవరూ చనిపోలేదు.

లంబసింగి దాటి ఇంకా పైకి వెళ్తే కాఫీ తోటల వెనక ఉంటుంది ఆ ఊరు. మార్గశిరం వచ్చిందంటే చాలు, తెల్లారేసరికి గడ్డి మీదంతా తెల్లగా మంచు పేరుకుంటుంది. బయట పెట్టిన బిందెలో నీళ్ళ మీద సన్నటి పలక కడుతుంది. ఇంటి మధ్యలో కట్టెలు రాజేసుకుని, ఆ పొగలోనే దగ్గుతూ ముడుచుకుని పడుకోవడం అక్కడివాళ్ళకి అలవాటు. అయినా ప్రతి చలికాలంలోనూ ఏ ముసలి ప్రాణమో, ఏ పసిగుడ్డో దక్కకుండా పోయేది. కిందటేడు అలా పోయినవాడు దేవుడమ్మ కొడుకు. పుట్టి నెల కూడా నిండలేదు.

అందుకే కాత్యాయని తన పూతని ఆ ఊళ్ళో మొట్టమొదట దేవుడమ్మ ఇంటికే వేయించింది.

కాత్యాయని కొండ మీదున్న పరిశోధనా కేంద్రంలో శాస్త్రవేత్త. కరెంటు, కట్టెలు ఏవీ అక్కర్లేకుండా ఇళ్ళని వెచ్చగా ఉంచే పదార్థం కోసం అక్కడ చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. చివరికి సాధించింది. చూడ్డానికి సిమెంటు రంగు పొడి. సున్నంలో కలిపి గోడకి పూస్తే అందులోని రేణువులన్నీ ఒకే దిక్కుకి తిరిగి, ఒకదాన్నొకటి పట్టుకుని పొరలా అల్లుకుంటాయి. ఆ పొర వేడిని లోపలికి పోనిస్తుంది, బయటికి మాత్రం రానివ్వదు. అంతేకాదు, బయట ఎంత చల్లగాలి ఉన్నా అందులో మిగిలిన కాస్తంత వేడిని కూడా పిండి లోపలికి చేరుస్తుంది.

పూత ఆరిన రోజున దేవుడమ్మ చేతిని పట్టుకుని కాత్యాయని ముందు బయటి గోడ మీద పెట్టించింది. దేవుడమ్మ చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఓలమ్మ, గెడ్డ నీళ్ళలో రాయిలాగుంది!"

"ఇప్పుడు లోపలికి రా."

లోపలి గోడకి అరచెయ్యి ఆనించి దేవుడమ్మ చాలాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాత చెంప కూడా ఆనించింది.

"ఆవు పక్కన పడుకున్నట్టుందమ్మా," అంది.

ఆ చలికాలంలోనే ఆమెకి ఆడపిల్ల పుట్టింది. పిల్ల బొద్దుగా పెరిగింది. దేవుడమ్మ మొగుడు బొంజుబాబు కట్టెల కోసం అడవికి పోవడం మానేసి, ఆ పొద్దంతా మిరియాలు ఎండబెట్టుకోవడానికి వాడుకున్నాడు. ఊళ్ళో అన్ని ఇళ్ళకీ పూత వేశారు. కేంద్రం పక్కనే ఉన్న తమ క్వార్టర్సుకి కూడా కాత్యాయని అందరికంటే ముందే వేయించుకుంది. మన ఇంటికి మనం వేసుకోకపోతే ఎదుటివాళ్ళు ఎందుకు నమ్ముతారని ఆమె మాట. భర్త ఫణీంద్ర ఆశ్రమ పాఠశాలలో టీచరు. కూతురు మైథిలి రెండో తరగతి. ఇద్దరూ ఆ ఇంట్లో స్వెట్టర్లు తీసి పెట్టెలో పెట్టేశారు.

సంక్రాంతి వెళ్ళాక ఒక పొద్దున కాత్యాయని కేంద్రానికి బయల్దేరుతూ పెరట్లోకి చూసింది. మైథిలి పల్చటి గౌనులో, చెప్పుల్లేకుండా, మంచు పట్టిన గడ్డి మీద నిలబడి బంతిపూలు కోస్తోంది.

"ఒసే, జలుబు చేస్తుంది! లోపలికి రా!"

"చలి లేదమ్మా," అంది మైథిలి వెనక్కి తిరక్కుండానే.

విసుక్కుంటూ వెళ్ళి కూతురి భుజం పట్టుకున్న కాత్యాయని చెయ్యి అక్కడే ఆగిపోయింది. భుజం రాయిలా చల్లగా ఉంది. పిల్ల మాత్రం వణకడం లేదు, పెదవులు ఎర్రగానే ఉన్నాయి. ఆమె కిందికి చూసింది. తను నడిచొచ్చిన దారిలో మంచు కరిగి, చెప్పుల గుర్తులు తడిగా, పచ్చగా కనిపిస్తున్నాయి. మైథిలి ఎంతసేపట్నుంచి అక్కడ నిలబడిందో గానీ, ఆ చిన్న పాదాల కింద మంచు కరగలేదు. వేళ్ళ చుట్టూ ఇంకాస్త దట్టంగా పేరుకుంది.

కాత్యాయని పిల్లని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళి నోట్లో థర్మామీటరు పెట్టింది. ఒంట్లో వేడి ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువే ఉంది. నుదుటి మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది.

ఆ రోజు కేంద్రంలో ఇంకే పనీ పెట్టుకోలేదు. ఇంటి గోడ మీంచి తుడిచి తెచ్చిన దుమ్మునీ, మైథిలి మోచేతి నుంచి గీకిన పొలుసునీ సూక్ష్మదర్శిని కింద పెట్టింది. గోడ పొర నుంచి కంటికి కనపడనంత సన్నగా రేణువులు రాలుతున్నాయి. రాలినవి చర్మంలోకి దిగి, గోడలో అల్లుకున్నట్టే అక్కడా ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి. ఒకే దిక్కుకి తిరిగి ఉన్నాయి. లోపలికి.

మరి తనకెందుకు అంటలేదు? ఆ ప్రశ్నకి జవాబు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. కేంద్రంలో పనిచేసేవాళ్ళందరూ సాయంత్రం బయటికి వచ్చే ముందు ఒక ద్రావణంతో ఒళ్ళు కడుక్కుంటారు. అది మొదట్నుంచీ ఉన్న నియమం. ఏ రోజు పడిన రేణువులు ఆ రోజే కరిగిపోతాయి. కరగకుండా మిగిలి అల్లుకున్నవాటిని మాత్రం అది ఏమీ చేయలేదు. కూతురి మోచేతి పొలుసుని అందులో నానబెట్టి సాయంత్రం దాకా చూసింది. అల్లిక చెక్కుచెదరలేదు.

కేంద్రం అధిపతి డాక్టర్ నరహరి ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. ఆయన ఆమెకి గురువు కూడా. ఆమె భయపడ్డట్టు ఆయన ముఖంలో కంగారేమీ కనపడలేదు. కళ్ళు మెరిశాయి.

"అంటే, చలి వేయని మనుషులన్నమాట," అన్నాడు.

"సార్, వేడి బయటికి పోవడం లేదు. ఒంట్లో పుట్టిన వేడి ఎటు పోవాలి?"

"ఊపిరిలో పోతుంది. చల్లటి నీళ్ళు తాగితే పోతుంది. ఇప్పుడు బాగానే ఉన్నారుగా? ఊళ్ళో ఎవరికైనా జబ్బు చేసిందా? ఒక్క చావైనా ఉందా?"

"ఇది చలికాలం సార్."

"అందుకే తొందరపడొద్దు అంటున్నాను. నువ్వు పరీక్షలు చెయ్యి. తేలేదాకా ఊళ్ళో ఎవరికీ చెప్పకు. అనవసరంగా బెదిరిపోతారు."

ఆమె పరీక్షలు చేసింది. తన ఇంటి గోడలు గీకించేసి, కూతుర్నీ భర్తనీ రోజూ ద్రావణంతో కడిగింది. కొత్త రేణువులు చేరడం ఆగింది గానీ పాతవి ఒకదానికొకటి దగ్గరగా జరుగుతూ ఖాళీలు పూడ్చుకుంటూనే ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళకి చెప్పాలని ఎన్నోసార్లు పాలగెడ్డ దాకా వెళ్ళింది. గుమ్మంలో కూర్చుని నవ్వుతున్న దేవుడమ్మనీ, ఒళ్ళో చేతులాడిస్తున్న పసిదాన్నీ చూసి, ఇంకొక్క పరీక్ష అయ్యాక చెప్దామనుకుని వెనక్కి వచ్చేసింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడు చలి అంతకుముందే పోయింది. మధ్యాహ్నాలు ఎండ చురుక్కుమనడం మొదలైంది. ఊళ్ళో పిల్లలు పొద్దస్తమానం గెడ్డలోనే పడి ఉంటున్నారని, అన్నం మానేసి నీళ్ళు తాగుతున్నారని ఆశ్రమ పాఠశాలలో టీచర్లు చెప్పుకున్నారు. ఫణీంద్ర కూడా క్లాసులో పాఠం మధ్యలో ఆగి ఆయాసపడుతున్నాడు. వయసు మీద పడుతోంది అంటూ నవ్వేశాడు. అతనికింకా నలభై రాలేదు.

ఫాల్గుణంలో ఒకరోజు బొంజుబాబు మిరియాల మూట జీపు మీద వేసుకుని నర్సీపట్నం సంతకి దిగాడు. కొండ దిగితే ఎండ వేరేగా ఉంటుంది. మధ్యాహ్నానికి, అతను సంతలో పడిపోయాడని అక్కడి ఆసుపత్రి నుంచి కేంద్రానికి ఫోన్ వచ్చింది. పూత గురించి తెలిసిన మేడమ్‌ని పిలవమని జీపు డ్రైవరు అడిగాడట.

కాత్యాయని ఆసుపత్రికి చేరేసరికి బొంజుబాబు మంచం మీద ఉన్నాడు. ఛాతీ మీద, చంకల్లో, మెడ చుట్టూ ఐసు ముక్కలు పేర్చారు. ఫ్యాను తిరుగుతోంది. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, ఎండలో పరిగెత్తిన కుక్కలా రొప్పుతున్నాడు.

"అర్థం కావడం లేదండీ," అన్నాడు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు. "ముట్టుకుంటే ఒళ్ళు మంచులా ఉంది. నోట్లో పెడితే థర్మామీటరు చివరి గీత దాటేసింది. ఇలాంటిది నేనెక్కడా చదవలేదు. ఆ ఐసు చూడండి."

ఆమె చూసింది. గదిలో మనుషులంతా చెమటతో తడిసిపోతున్నారు. బొంజుబాబు ఒంటికి ఆనుకున్న వైపు ఐసు ముక్కలు కరగలేదు.

"ఒంటి మీద పెడితే లాభం లేదు!" ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించేంత పెద్దగా వచ్చింది. "నోట్లో పెట్టండి. మింగించండి. చల్లటి నీళ్ళు గొట్టంతో పొట్టలోకి పంపండి, తొందరగా!"

డాక్టరు ఎందుకని అడగలేదు. పరిగెత్తాడు. నర్సు గొట్టం తెచ్చింది. ఇద్దరూ చేతనైనదంతా చేశారు. కానీ బొంజుబాబు పొద్దుట్నుంచీ సంతలో ఎండలో నిలబడి ఉన్నాడు, ఆ ఎండంతా అతని లోపలే ఉండిపోయింది. ఒకసారి కళ్ళు తెరిచి కాత్యాయనిని గుర్తుపట్టాడు.

"లోపల కాలతందమ్మా," అన్నాడు. ఇంకేమీ అనలేదు.

జీపులో శవాన్ని పైకి తెచ్చేటప్పుడు కాత్యాయని కూడా వెనకే కూర్చుంది. ఊరు దగ్గరపడే కొద్దీ దేవుడమ్మకి ఏం చెప్పాలో ఆలోచించుకుంది.

దేవుడమ్మ ఏడుపు ముగిసేదాకా ఆగి, ఆమె ముందు నేల మీద కూర్చుంది. ఊరంతా చుట్టూ నిలబడి ఉంది. ఏమీ దాచకుండా చెప్పింది. గోడ నుంచి రాలింది మీ ఒంట్లోకి ఎక్కిందని, వేడి లోపలికి వెళ్తుంది గానీ బయటికి రాదని, ఈ సంగతి తనకి సంక్రాంతి అయినప్పట్నుంచీ తెలుసునని.

ఎవరో ఒకతను రాయి తీశాడు. పక్కనున్న ముసలామె అతని చెయ్యి పట్టుకుంది.

దేవుడమ్మ మాత్రం అరవలేదు. పసిదాన్ని గుండెలకి అదుముకుని, "ఆడు పోయినాడు," అంది. "నా పాప సంగతి సెప్పు. ఎండలొస్తన్నాయి కదా. నా పాప బతకతాదా?"

కాత్యాయని తల పైకెత్తలేకపోయింది. "కొండ మీద కూడా వైశాఖంలో ఎండలు తప్పవు. అవి రాకముందే మిమ్మల్నందర్నీ చల్లటి చోటికి చేర్చాలి. నా కూతురు కూడా మీలాగే అయింది దేవుడమ్మా. దాన్ని ఎక్కడ పెడతానో మీ పాపనీ అక్కడే పెడతాను."

ఇంటికి వచ్చేసరికి మైథిలి వరండాలో పడుకుని ఉంది. మధ్యాహ్నపు నిద్ర. నోరు తెరుచుకుని ఉంది. చిన్న నాలుక కొస పెదవి మీదికి వచ్చి, గబగబా రొప్పుతోంది. పక్కనే ఫణీంద్ర తడిగుడ్డతో విసురుతున్నాడు. అతని నోరు కూడా తెరుచుకునే ఉంది.

"నాకు అర్థమైందిలే కాత్యా," అన్నాడు అతను ఆమె ముఖం చూసి. "ముందు దీని సంగతి చూడు."

మర్నాడు కేంద్రం ఆవరణలోకి అడుగుపెడుతూనే ఆమెకి లారీలు కనిపించాయి. పూత పొడి నింపిన డ్రమ్ములు ఎక్కిస్తున్నారు. నరహరి గదిలోకి వెళ్ళి తలుపు వేసింది.

"ఎక్కడికి సార్ ఇవి?"

"ఓడరేవుకి. మన దగ్గర ఆపేద్దాం, నువ్వు చెప్పింది నిజమే. ఆ బొంజుబాబు విషయంలో నాకూ బాధగా ఉంది." ఆయన గొంతులో బాధ నిజంగానే ఉంది. "ఇవి మంచుదేశాలకి వెళ్తున్నాయి. అక్కడ ఏటా ఇళ్ళు వెచ్చబెట్టుకోవడానికి ఎంత బొగ్గు, ఎంత గ్యాసు తగలేస్తున్నారో నీకంటే బాగా ఎవరికి తెలుసు? అక్కడ ఎండలుండవు కాత్యాయనీ. వాళ్ళకి ఏ ఇబ్బందీ రాదు."

"జ్వరం రాదా సార్ వాళ్ళకి?"

నరహరి కిటికీలోంచి లారీల వైపు చూశాడు.

"పిల్లలకి జ్వరం వస్తుంది. తల్లి నుదుటి మీద చెయ్యి పెడుతుంది. చల్లగా తగులుతుంది. తగ్గిందనుకుని పక్కకి తిరిగి పడుకుంటుంది. అంతే కదా?"

"ద్రావణం కూడా పంపుతున్నాం. ఎలా వాడాలో రాసి..."

"పాలగెడ్డకి ఎందుకు పంపలేదు మనం?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బయట లారీ స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆమె ఆగలేదు. ఆ వారమంతా అధికారుల దగ్గరికీ, విలేకరుల దగ్గరికీ తిరిగింది. తన పేరుతోనే చెప్పింది. పొడి చేసింది నేను, ఊరికి వేసింది నేను అని చెప్పింది. ఇక్కడ తయారీ ఆగింది, కేంద్రానికి తాళం పడింది. కానీ తయారుచేసే పద్ధతి అప్పటికే సముద్రం దాటిపోయింది. అక్కడ వేరే పేరుతో వేరే కార్ఖానాలో చేయడం మొదలుపెట్టారని తర్వాత తెలిసింది.

విజయనగరం అవతల, సముద్రానికి దగ్గర్లో, ఒకప్పుడు రొయ్యలు నిలవచేసిన శీతల గిడ్డంగి మూతపడి ఉంది. కలెక్టరు దాన్ని తెరిపించాడు. ఉగాది వెళ్ళిన వెంటనే, తెల్లవారుజామున, ఐసు నింపిన చేపల లారీల్లో పాలగెడ్డ మొత్తం కొండ దిగింది. దారిలో ఎండెక్కాక ఒక ముసలాయన పోయాడు. మిగతావాళ్ళు చేరారు.

ఇనుప తలుపు వెనక ఎప్పుడూ మంచు పొగే. తెల్లటి ట్యూబులైట్లు, గోడల్లో ఎంత కడిగినా పోని రొయ్యల వాసన. చలి ముదిరితే ఆ రేణువులకి గాలిలో పిండుకోవడానికి ఏమీ మిగలదు. అందుకని అక్కడ మాత్రం వాళ్ళు మామూలుగా ఊపిరి పీలుస్తారు. పల్చటి చీరల్లో, బనీన్లలో తిరుగుతారు, వండుకోరు. బయట వండిన అన్నం చల్లారబెట్టి లోపలికి పంపుతారు. పిల్లలు రొయ్యల ట్రేలు బోర్లించి వాటి మీద కూర్చుంటే, ఫణీంద్ర వాళ్ళకి పాఠాలు చెబుతాడు. కరెంటు పోతే జనరేటరు ఉంది. ఆ జనరేటరు ఎక్కడ ఆగిపోతుందోనని కాత్యాయని బయట షెడ్డులోనే మంచం వేసుకుంది. పగలంతా విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో ఆ అల్లికని విడదీసే మందు కోసం పనిచేస్తుంది. సాయంత్రం వచ్చి దళసరి కోటు, ఉన్ని టోపీ, చేతులకి తొడుగులు వేసుకుని లోపలికి వెళ్తుంది.

మొదటి రోజు మైథిలి పరిగెత్తుకొచ్చి ఆమె నడుముని చుట్టేసింది. కోటు తెరిచి ఉంది. కాత్యాయని పిల్లని గుండెకి హత్తుకుంది. కాసేపటికే తన పొట్ట దగ్గర వేడి నీళ్ళలా జారిపోతున్నట్టు అనిపించింది. మైథిలి కళ్ళు వాల్చేసి రొప్పడం మొదలుపెట్టింది. ఫణీంద్ర వచ్చి ఇద్దర్నీ విడదీశాడు. పిల్ల మామూలుగా అయ్యేదాకా నోట్లో ఐసు ముక్కలు పెట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆమె రెండడుగుల దూరంలో కూర్చుంటోంది.

పూత ఎక్కినవాళ్ళు ఒకర్నొకరు ముట్టుకుంటే మాత్రం ఏమీ కాదు. ఎవరి ఒంట్లోంచీ వేడి బయటికి రాదు కాబట్టి, పక్కవాళ్ళు లాక్కోవడానికి ఏమీ ఉండదు. అందుకని మైథిలి దేవుడమ్మ దగ్గరే పడుకుంటోంది. ఒక పక్క పసిదాన్నీ, ఇంకో పక్క మైథిలినీ వేసుకుని దేవుడమ్మ జోకొడుతుంటే కాత్యాయని చూస్తూ కూర్చుంటుంది.

ఒక సాయంత్రం ఆమె దేవుడమ్మని పక్కకి పిలిచింది.

"నా దగ్గర ఇంకా కాస్త పొడి ఉంది. పరీక్షలకని దాచాను," అంది గొంతు తగ్గించి. "ఒంటికి రాసుకుంటాను. నేనూ ఇక్కడే ఉండిపోతాను."

దేవుడమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. కొండ మీద ఆ రోజు తర్వాత దేవుడమ్మ ఆమెతో అవసరానికి మించి మాట్లాడింది లేదు.

"ఉండిపోయి?"

"పిల్లని ఎత్తుకుంటాను."

"నువ్వూ మాలాగైపోతే, మా కోసం బయట తిరిగేదెవరు? మందు సేసేదెవరు?" దేవుడమ్మ గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. "నా పాప ఎదగాల. ఎండ సూడాల. నువ్వు ఎచ్చగానే ఉండాల. అదే నీ పని. నీ పిల్లని నేను సూస్తాను."

కాత్యాయని తల ఊపింది. బయటికి వెళ్ళి ఆ పొడిని ద్రావణంలో పోసి, కరిగేదాకా కర్రతో తిప్పింది. తిరిగి వచ్చి తలుపు దగ్గరున్న ఐసు తొట్టి ముందు కూర్చుంది. తొడుగులు తీసేసి రెండు చేతులూ మణికట్ల దాకా ముంచింది. మొదట సూదులు గుచ్చినట్టు, తర్వాత ఎముకలు పిండేసినట్టు అనిపించింది. ఆ తర్వాత చేతులున్నట్టే తెలియలేదు.

"మైథూ, ఇలా రా."

పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది. కాత్యాయని మొద్దుబారిన అరచేతుల్లోకి ఆ ముఖాన్ని తీసుకుంది. చెంపలు ఎంత మెత్తగా ఉన్నాయో ఆమె వేళ్ళకి తెలియడం లేదు. కళ్ళతో చూసి గుర్తుచేసుకుంటోంది.

మైథిలి కళ్ళు మూసుకుని, తల్లి చేతిలోకి తల వాల్చింది. "ఇంకొంచెంసేపమ్మా," అంది.

"అలాగే," అంది కాత్యాయని.

కాసేపటికి వేడి తిరిగొచ్చి వేలికొసల్లో చీమలు పాకినట్టయింది. ఆ వెంటనే చెంప మెత్తదనం సన్నగా తెలియడం మొదలైంది. ఆమె చేతులు తీసేసింది.